తొమ్మిదో బ్లాకులో మంగళవారపు వాల్వు

"ఇది చచ్చిపోయింది," అంది నెవెనా, కాగితం మీద అడ్డగీత కొడుతూ.

"లేదండీ. పట్టేసిందంతే," అన్నాడు యావోర్.

వాళ్ళిద్దరికీ పరిచయం అయింది ఇలాగే. ఆమె రోడ్డు మీద ఉంది, అతను రోడ్డు కింద గోతిలో ఉన్నాడు. మధ్యలో నలభై ఏళ్ళ వాల్వు ఒకటి ఎవరి పక్షమూ తీసుకోకుండా కూర్చుంది.

"చక్రం తిరగదు. దాని కింది స్పిండిల్ కడ్డీ నిండా తుప్పు. ఇంకేం కావాలి మీకు, డాక్టరు సర్టిఫికెట్టా?"

"మా నాన్నకి అరవై ఎనిమిదండీ. పొద్దున్నే లేపితే ఆయనా ఇలాగే కదలడు. కాస్త ఆగితే లేస్తాడు."

అతను నూనె పోశాడు. చిన్న సుత్తితో చుట్టూ తట్టాడు. పావుగంట ఊరుకున్నాడు. మళ్ళీ తట్టాడు. చక్రం ముందు వేలెడంత తిరిగింది, తరవాత జానెడు, మధ్యాహ్నానికల్లా బుద్ధిగా మొత్తం తిరిగింది. నెవెనా మోకాళ్ళ మీద కూర్చుని గోతిలోకి తొంగిచూసింది. జుట్టులో గుచ్చుకున్న పెన్సిలు, ముక్కు చివరికి జారిన కళ్ళజోడు, వెనకాల మే నెల ఆకాశం. యావోర్ తలెత్తి ఒక్కసారి చూశాడు. రెండోసారి చూసినప్పుడు సుత్తి బొటనవేలి మీద పడింది. పన్నెండేళ్ళ సర్వీసులో అతను వేలు కొట్టుకోవడం అదే మొదలు.

ఆమె అడ్డగీత చెరిపేసింది. కాగితం చిరిగేంత గట్టిగా చెరిపింది.

వెర్బెన్ ఊళ్ళో ఇళ్ళు వెచ్చబడేది నేల కింద పైపుల్లో వచ్చే వేణ్ణీళ్ళతో. ఆ పైపుల మీద రెండువందల పద్నాలుగు వాల్వులున్నాయి. అన్నీ మార్చడానికి కంపెనీకి తాహతు లేదు. అందుకని డైరెక్టరుగారు రాజధాని సోఫియా నుంచి ఒక ఇంజనీరును ఐదు నెలలకి పిలిపించారు. నెవెనా ప్రతి వాల్వునూ పరీక్ష చెయ్యాలి. దేన్ని పీకెయ్యాలో, దేన్ని ఇంకో పదేళ్ళు బతికించొచ్చో జాబితా రాసి సెప్టెంబరు ముప్ఫైన సంతకం పెట్టాలి. పెట్టి, బస్సెక్కాలి. ఈ చివరి సంగతి ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఉంది గానీ, యావోర్‌కి మాత్రం గోడంత అక్షరాల్లో కనిపించేది.

సాయానికి ఫిట్టర్లలో అతన్నే ఎందుకిచ్చారంటే, వర్క్‌షాపు పెద్ద స్తాంచో చెప్పిన కారణం ఒకటే: మిగతా ఫిట్టర్ల దస్తూరీ వాళ్ళ పెళ్ళాలకి కూడా అర్థం కాదు.

వాల్వును బతికించడంలో పెద్ద రహస్యమేమీ లేదు. దాన్ని చంపకుండా ఉంటే చాలు. గట్టిగా బిగిస్తే బాగా మూసుకుంటుందని జనానికి ఒక నమ్మకం. చక్రానికి పైపు తగిలించి, ఇద్దరు వేలాడి మరీ బిగిస్తారు. లోపల, నీళ్ళని ఆపే డిస్కు ఆనుకునే సీటు నలిగిపోతుంది. ఆ తరవాత కారుతోందని ఇంకా బిగిస్తారు. కాపురాలు కూడా ఇలాగే పాడవుతాయని స్తాంచో అనేవాడు. ఆయనకి మూడు పెళ్ళిళ్ళయ్యాయి కనుక ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు.

సీటు నలిగిందాన్ని వర్క్‌షాపుకి తెచ్చి, డిస్కుకి రాపిడి పేస్టు పూసి, సీటు మీద పెట్టి చేత్తో అటూ ఇటూ తిప్పుతూ నునుపు చెయ్యాలి. గంటలకొద్దీ పని. తొందరపడితే చెడుతుంది. యావోర్ ఆ వేసవంతా తొందరపడలేదు. వాల్వు పనికిరాదంటే ఐదు నిమిషాల్లో అయిపోతుంది, ఆమె పక్క వాల్వు దగ్గరికి వెళ్ళిపోతుంది. బతుకుతుందంటే రెండ్రోజులు బల్లకి చెరోవైపు కూర్చోవచ్చు. ఆ రకంగా వెర్బెన్‌లో చావాల్సిన వాల్వులు చాలా బతికాయి. వాటికి కారణం తెలీదు. అయితే బతకడం మాత్రం నిజంగానే బతికాయి. ప్రతిదాన్నీ ఆమె నీళ్ళ ఒత్తిడితో పరీక్షించింది, ఒక్క చుక్క కారలేదు.

"మీరు ఏ వాల్వునీ వదులుకోరా?" అని ఒకసారి అడిగింది.

"అలవాటు లేదండీ," అన్నాడు. దాని తరవాత చెప్పాల్సిన వాక్యం నోటిదాకా వచ్చింది. వచ్చి, అక్కడ పట్టేసింది.

అదీ అతని జబ్బు. సీటు గురించో, స్పిండిల్ చుట్టూ నీళ్ళు రాకుండా చుట్టే గ్లాండ్ తాడు గురించో అయితే ఎంతసేపైనా మాట్లాడగలడు. నెవెనా గురించి నెవెనాతో మాట్లాడాలంటే గొంతులో ఎవరో పైపు తగిలించి బిగించినట్టుండేది.

నెవెనా దిగింది వాళ్ళ పెద్దమ్మ దోన్కా ఇంట్లో, తొమ్మిదో బ్లాకు నాలుగో అంతస్తులో. తొమ్మిదో బ్లాకు గౌరవనీయుల బ్లాకు. ముప్ఫై రెండు వాటాలు. చలికాలంలో వాటిల్లో ఇరవై ఆరు వాటాల వాళ్ళు బిల్లు రాకుండా గది వెచ్చబెట్టే తమ రేడియేటర్లు కట్టేసుకుని, పక్కింటి గోడకి సోఫా ఆనించుకుని వెచ్చగా కూర్చుంటారు. ఈ తెలివి తన ఒక్కడికే ఉందని ప్రతివాడి నమ్మకం. జనవరి వచ్చేసరికి ఆరు అమాయక కుటుంబాలు బ్లాకు మొత్తాన్నీ వెచ్చబెడుతూ ఉంటాయి. దోన్కా ఆ బ్లాకుకి పెద్ద. అందుకని ఆవిడ రేడియేటరు అందరికంటే ముందు కట్టేస్తుంది.

ఆ బ్లాకు నేలమాళిగలో, ఊరగాయ జాడీల అరల వెనకాల, ఒక వాల్వుంది. మే నెల మధ్యలో ఒక మంగళవారం సాయంత్రం యావోర్ దాన్ని కదిలించడానికి వెళ్ళాడు. కదలకుండా పడున్న వాల్వు పట్టేస్తుంది కనుక ప్రతిదాన్నీ మూడు నెలలకోసారి కాస్త మూసి, కాస్త తెరిచి, తేదీ లాగ్‌బుక్కులో రాయాలి. అదీ పద్ధతి. పని ముగించి పైకొస్తుంటే మెట్ల దగ్గర నెవెనా కనిపించింది. సంత నుంచి ముల్లంగి కట్టలతో వస్తోంది.

"ఇక్కడేంటి మీరు?"

"వాల్వు."

"ఓ."

అంతే. ఈ సంభాషణని యావోర్ ఆ వారమంతా వాడుకున్నాడు. ఆమె "ఓ" అన్నప్పుడు కుడి కనుబొమ్మ కొంచెం లేచిందా, లేక వెలుతురు అలా పడిందా అన్నది శుక్రవారానికి కూడా తేలలేదు. తేల్చుకోవడానికి మరుసటి మంగళవారం మళ్ళీ వెళ్ళాడు. ఊరికే వెళ్ళడం మర్యాద కాదు కనుక వాల్వును మళ్ళీ కాస్త మూసి, కాస్త తెరిచాడు. నిజాయితీపరుడు కనుక తేదీ కూడా రాశాడు.

అలా ప్రతి మంగళవారం ఆరింటికి. ఆమె ఎదురుపడింది మొత్తం నాలుగుసార్లు. మిగిలిన రోజుల్లో మెట్ల కింద నిలబడి పైనుంచి వచ్చే అడుగుల చప్పుడు వినేవాడు. దోన్కావి బరువు అడుగులు, వాటిని తీసేస్తే తక్కినవి ఆమెవి. ఆ లెక్కతోనే ఇల్లు చేరేవాడు. పొద్దున ఎనిమిదింటికి వర్క్‌షాపులో బల్లకి అవతల ఆమే కూర్చునేది. అయినా సాయంత్రం ఆమె ఉండే మెట్ల కింద నిలబడితే ఆమె మీద బెంగ ఇంకా పెరిగేది. ఇది ఇంజనీరింగ్‌కి అందని సంగతి.

సెప్టెంబరు మూడోవారంలో నెవెనా లాగ్‌బుక్కులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది. ఎక్కిస్తూ ఒకచోట ఆగిపోయింది. అన్ని వాల్వులకీ ఒకటో రెండో తేదీలు. తొమ్మిదో బ్లాకు వాల్వుకి పందొమ్మిది.

స్తాంచో ఎదురుగానే యావోర్‌ని అడిగింది. ఏ ఫిట్టరూ వారం వారం ఒకే నేలమాళిగకి వెళ్ళడనీ, ఇవి కుర్చీలో కూర్చుని కల్పించిన తేదీల్లా ఉన్నాయనీ అంది. ఇవి దొంగవైతే మిగిలిన రెండువందల పదమూడు వాల్వుల తేదీలు మాత్రం ఏ ధైర్యంతో నమ్మాలంది. నమ్మలేకపోతే ఆమె జాబితా మీద సంతకం పెట్టదు. ఐదు నెలల పని చెత్తబుట్టలోకి పోతుంది. దొంగ తేదీలు రాసిన ఫిట్టరుని డైరెక్టరుగారు ఒక్కరోజు కూడా ఉంచరు.

యావోర్ నేలవైపు చూశాడు.

"వెళ్ళారా, లేదా? ఒక్క మాట చెప్పండి," అంది. ఆమె గొంతులో కోపం కంటే వేరేదేదో ఎక్కువగా ఉంది. ఐదు నెలలపాటు తను నమ్మిన దస్తూరీ అది.

"వెళ్ళాను."

"పందొమ్మిదిసార్లా? ఎందుకు?"

అతను నోరు తెరిచాడు. మూశాడు. నెవెనా లాగ్‌బుక్కు తీసుకుని వెళ్ళిపోయింది.

"ఒరేయ్," అన్నాడు స్తాంచో, "ఊళ్ళో రెండువందల వాల్వులు విప్పావు. నీ నోరు ఎవడు విప్పాలిరా?"

"చెప్తే నవ్వుతుంది బాబాయ్."

"నవ్వితే నీకొచ్చిన నష్టమేంటి? నా మొదటి ఇద్దరు పెళ్ళాలూ నవ్వలేదు. అదే వచ్చిన చిక్కు."

ఆ ఆదివారమే తొమ్మిదో బ్లాకులో గొడవ మొదలైంది. నేలమాళిగలో నీళ్ళు. వాల్వుని అస్తమానం తిప్పేసరికి గ్లాండ్ తాడు అరిగిపోయి, చుక్క చుక్కగా కారడం మొదలైంది. ఊరి వాల్వులన్నిటికీ ఆయుష్షు పోసినవాడు ఒక్కదానికి మాత్రం ప్రేమతో ఆయుష్షు తగ్గించాడు. ఆ చుక్కలు పడింది రిటైర్డ్ భూగోళం మాస్టారు కాల్చెవ్‌గారి జాడీల మీద. కాగితం చీటీలన్నీ ఊడిపోయాయి. చక్కెర నీళ్ళలో నిలవచేసిన పీచ్ పళ్ళేవో, పచ్చిమిర్చి ఊరగాయేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. మూడేళ్ళ సరుకు. సోమవారం సాయంత్రం మెట్ల దగ్గర అత్యవసర సమావేశం పెట్టారు. ఎవరి స్టూలు వాళ్ళే తెచ్చుకున్నారు, ఎందుకంటే కిందటిసారి ఒకరి స్టూలు తిరిగి రాలేదు. కంపెనీ తరఫున యావోర్‌ని పంపారు. నెవెనా పెద్దమ్మ పక్కన, చేతిలో లాగ్‌బుక్కుతో నిలబడింది.

అరగంటసేపు అందరూ ఒకేసారి మాట్లాడారు. దోన్కాది అజాగ్రత్త అన్నారు. ఫిట్టర్లు పని చెయ్యరన్నారు. మూడో అంతస్తు ఆవిడ, సందర్భం ఉన్నా లేకపోయినా, పనిచెయ్యని లిఫ్టు సంగతి ఎత్తింది. నెవెనా మాట్లాడటానికి లేచేసరికి సద్దుమణిగింది. పుస్తకంలో ఈ వాల్వుని పందొమ్మిదిసార్లు చూసినట్టు ఉందనీ, అది నిజమో కాదో తనకి తెలియాలనీ, ఇక్కడ ఎవరైనా ఫిట్టరుని చూశారా అనీ అడిగింది.

యావోర్ మనసులో లెక్క వేసుకున్నాడు. అబద్ధమని ఎవరైనా అంటే ఉద్యోగం పోతుంది. నిజమంటే పరువు పోతుంది.

కాల్చెవ్ మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఆయనది కింది అంతస్తు, మెట్లకి ఎదురు వాటా. తలుపుకున్న కన్నంలోంచి లోకాన్ని, కిటికీలోంచి వాతావరణాన్ని గమనించి రెండూ ఒకే నోటుపుస్తకంలో రాయడం ఆయన అలవాటు. ఆ పుస్తకం తెచ్చి, కళ్ళజోడు మార్చుకుని, పాఠం చెప్పే గొంతుతో చదివారు.

"మే పదిహేను, మంగళవారం. ఇరవై రెండు డిగ్రీలు. ఫిట్టరు వచ్చాడు. పది నిమిషాల్లో పోయాడు. మే ఇరవై రెండు, మంగళవారం. మబ్బు. ఫిట్టరు వచ్చాడు. జుట్టు దువ్వుకున్నాడు."

ఎవరో దగ్గారు.

"జూన్ పన్నెండు. ఇరవై ఎనిమిది డిగ్రీలు. ఫిట్టరు, కొత్త చొక్కా. జూలై మూడు. ఆరు నుంచి జోరు వాన, పద్దెనిమిది మిల్లీమీటర్లు. ఫిట్టరు పని చూసుకుని పైకొచ్చాడు. గుమ్మం బయట, చూరు కింద కాకుండా వానలో నిలబడి, నాలుగో అంతస్తు కిటికీ వైపు చూశాడు. ఇరవై నిమిషాలు. గొడుగు లేదు." మాస్టారు పేజీ తిప్పారు. "ఆగస్టు ఏడు. ముప్ఫై మూడు. ఫిట్టరు చేతిలో పువ్వులు, ఐదు. వెళ్ళేటప్పుడు కూడా ఐదు."

లిఫ్టు ఆవిడ కూడా లిఫ్టుని మర్చిపోయింది. మాస్టారు సెప్టెంబరు పద్దెనిమిది దాకా చదివి, మొత్తం పందొమ్మిది అని ధ్రువీకరించి, కావాలంటే సంతకం పెడతానన్నారు.

నెవెనా లాగ్‌బుక్కులో తేదీలు ఒక్కొక్కటే సరిచూసుకుంటూ వచ్చింది. చివరిదాని దగ్గర వేలు అలాగే ఉండిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"తేదీలు నిజమేనండి," అంది, అందరితో. తరవాత అతనివైపు తిరిగింది. "వాల్వుకి అన్నిసార్లు అవసరమా?"

ముప్ఫై రెండు వాటాలూ ఊపిరి బిగబట్టాయి. సమావేశానికి రాని వాళ్ళ తలుపు సందులోంచి కూడా ఒక చెవి కనిపించింది.

"లేదండీ," అన్నాడు యావోర్. "వాల్వు కోసం కాదు."

నోరు విప్పాక ఆశ్చర్యంగా మిగతాది కూడా వచ్చింది. మెల్లిగా, తుప్పు రాలుస్తూ వచ్చింది. "మీరు కనిపిస్తారేమోనని. కనిపించకపోయినా, మెట్ల మీద మీ అడుగులు వినిపిస్తాయని. వాల్వు పాడైంది నావల్లే. మాస్టారూ, మీ జాడీలకి నేను మూతలు తీసి వాసన చూసి చీటీలు రాసిస్తాను."

"ఇంతకీ అమ్మాయి ఏమంటుంది?" అన్నారు రెండో అంతస్తు నుంచి.

దోన్కా లేచి, ఇది బ్లాకు సమావేశమనీ, అమ్మాయి సంగతి అజెండాలో లేదనీ చెప్పి అందర్నీ ఇళ్ళకి తోలింది. తోలిందే గానీ తలుపులు ఏవీ పూర్తిగా మూసుకోలేదు.

ఇద్దరూ నేలమాళిగలోకి దిగారు. అతను వాల్వు చుట్టూ అరిగిన గ్లాండ్ తాడు లాగి, కొత్తది చుట్టడం మొదలుపెట్టాడు. ఆమె దీపం పట్టుకుంది.

"మీరు ఈ చక్రం తిప్పినప్పుడల్లా పైన మా స్నానాల గదిలో పైపు సన్నగా ఈల వేస్తుంది. తెలుసా?"

తెలీదన్నాడు.

"మొదట్లో పెద్దమ్మ పిల్లి అనుకున్నాను. జూన్లో తెలిసింది మంగళవారం ఆరింటికే వేస్తుందని. ఆ తరవాత మంగళవారాలు నేను ఎక్కడికీ పోలేదు. ఐదున్నరకల్లా ముఖం కడుక్కుని కూర్చునేదాన్ని." దీపం రెండో చేతిలోకి మార్చుకుంది. "ఈల ఆగాక లెక్కపెట్టేదాన్ని. ఒక్కో అంతస్తుకీ పద్దెనిమిది మెట్లు. ఇప్పుడు రెండో అంతస్తు, ఇప్పుడు మూడు, ఇప్పుడు బెల్లు కొడతారు అని. కింద గేటు పడిన చప్పుడు వినిపించేది."

యావోర్ చేతిలో తాడు ఆగిపోయింది. "మరి వర్క్‌షాపులో తేదీలు దొంగవని..."

"మీ నోటితో చెప్తారని అడిగాను. చెప్పలేదు. అప్పుడు నాకే అనుమానం వచ్చింది, ఆ ఈల నిజంగా పిల్లేనేమోనని." కళ్ళజోడు పైకి తోసుకుంది. "పందొమ్మిదిసార్లు నేలమాళిగ దాకా వచ్చారు యావోర్ గారూ. నాలుగో అంతస్తు దాకా ఒక్కసారి రాలేదు. ఇప్పుడు కూడా మాస్టారి పుస్తకం చెప్పించింది మీచేత."

యావోర్ మళ్ళీ పనిలో పడ్డాడు. నట్లు మరీ బిగించకుండా, ఒక దాని తరవాత ఒకటి సమంగా, చేతికి తెలిసినంత మేరకే తిప్పాడు. చుక్క ఆగింది.

ముప్ఫయ్యో తారీకున ఆమె జాబితా మీద సంతకం పెట్టింది. నూట డెబ్భై ఒక్క వాల్వులు ఇంకో పదేళ్ళు బతుకుతాయని రాసింది. డైరెక్టరుగారు అందరితోనూ కరచాలనం చేశారు. ఆమె యావోర్‌తో కూడా చెయ్యి కలిపింది, మిగతావాళ్ళతో కంటే ఒక్క క్షణం ఎక్కువసేపు. మధ్యాహ్నం బస్సెక్కింది.

అక్టోబరులో చలి మొదలైంది, ఊళ్ళోకి వేడి వదిలారు. ఎక్కడా కారలేదు. పాతికేళ్ళలో ఇదే మొదటిసారని పేపర్లో కూడా వేశారు, డైరెక్టరుగారి ఫొటోతో. యావోర్‌కి మాత్రం వర్క్‌షాపులో బల్లకి అవతలివైపు చూడటానికే భయంగా ఉండేది. అక్కడ ఇప్పుడు స్తాంచో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు. మంగళవారం ఆరు కొట్టేసరికి కాళ్ళు వాటంతట అవే తొమ్మిదో బ్లాకువైపు తిరిగేవి. వాటిని బలవంతాన ఇంటికి తీసుకుపోయేవాడు.

సోఫియాకి వెళ్ళడానికి ఏదో ఒక పని దొరక్కపోతుందా అని ఆలోచించాడు. గ్లాండ్ తాడు కొనాలి. వర్క్‌షాపులో రెండేళ్ళకి సరిపడా ఉంది. రిపోర్టులో సందేహం అడగాలి. ఆ రిపోర్టు అతనికి కంఠతా వచ్చు. నాలుగు వారాలు ఇలా వెతికాడు. ఐదోవారం మంగళవారం పొద్దున సెలవు చీటీ రాస్తూ, కారణం అన్నచోట కలం ఆపాడు. ఆపి, ఖాళీగానే వదిలేశాడు. స్తాంచో ఆ ఖాళీని చాలాసేపు చదివి సంతకం పెట్టాడు.

బస్సులో మూడున్నర గంటలు. ఆమె ఉండే చోట దోన్కా చెప్పింది: ఏడో అంతస్తు, లిఫ్టు ఉంది, భేషుగ్గా పనిచేస్తుంది. యావోర్ మెట్లెక్కాడు. నాలుగో అంతస్తు దగ్గర కాళ్ళు అలవాటు ప్రకారం వెనక్కి తిరగబోయాయి. ఐదు ఎక్కాడు, ఆరు ఎక్కాడు. ఏడో అంతస్తులో తలుపు ముందు నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఒక చెయ్యి బెల్లు మీద పెట్టేశాడు.

నెవెనా తలుపు తీసింది. ఇంటి చెప్పులు, జుట్టులో పెన్సిలు.

"ఏదైనా పని మీద వచ్చారా?" అంది, జాగ్రత్తగా.

"ఏ పనీ లేదండీ," అన్నాడు యావోర్. "మీకోసమే వచ్చాను."

ఎదురింటి తలుపు కన్నంలో వెలుతురు మారింది. సోఫియాలో కూడా గౌరవనీయులే ఉంటారు.

నెవెనా అటువైపు ఒకసారి చూసి, అతని మోచెయ్యి పట్టుకుని లోపలికి లాగి, తలుపేసింది.